రంగం వెళ్ళిన తాత కోసం: ఫ్యామిలీసెర్చ్‌తో నాలుగేళ్ళు

మాది బరంపురం. మా తాత పుట్టింది ఇచ్ఛాపురం దగ్గర పల్లెలో, సంపాదించింది రంగంలో, పోయింది ఇక్కడ. రంగం అంటే బర్మాలోని రంగూన్. మా ఇంట్లో ఇప్పటికీ రంగూన్ అనే అలవాటు లేదు. ఆయన కథ ఒకచోట రాసిపెడదామని ముందు పూర్వీకుల్ని వెతికిపెట్టే ఒక యాప్‌కి ఏడాది చందా కట్టాను, పేరెందుకు లెండి. వారం తిరిగేసరికి "మీ తాతగారు దొరికారు" అని మెయిల్ వచ్చేది. తెరిస్తే అమెరికాలో ఓడ దిగిన ఎవరో తెల్లాయన!

నిజానికి దొరకడానికి ఏమీ లేదని తర్వాత తెలిసింది. 1937 ఏప్రిల్ 1 దాకా బర్మా కూడా బ్రిటిష్ ఇండియాలో ముక్కే. గోపాల్‌పూర్‌లో స్టీమరెక్కి రంగం పోవడమంటే ఇవాళ మన గంజాం కుర్రాళ్ళు సూరత్ రైలెక్కినట్టే. పరదేశం కాదు కాబట్టి పాస్‌పోర్టు గొడవ లేదు. 1860 నుంచి 1911 వరకు దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కి కూలి ఒప్పందం మీద పోయినవాళ్ళ మనవలు ఈ విషయంలో అదృష్టవంతులు. ఓడ జాబితాల్లో నంబరు, తండ్రి పేరు, ఊరు పేరు రాసి ఉంటాయి. మా తాత టిక్కెట్టు కొనుక్కుని పోయాడు, అంతే.

అందుకని వెతికిపెట్టే యాప్ మానేసి, రాసుకునే చోటు చూసుకున్నాను. ఫ్యామిలీసెర్చ్ అనే వంశవృక్షాల సైటుకి పైసా కట్టక్కర్లేదు. నడిపేది అమెరికాలోని మోర్మన్ చర్చి. పితరుల పేరిట బాప్తిస్మం జరిపే ఆచారం వాళ్ళకుంది. ఎవరి పూర్వీకులకు వాళ్ళే చేయాలన్నది నియమం. అది మనసుకు పట్టనివాళ్ళు ముందే ఆలోచించుకోవాలి. మా చిన్నాన్న ఆలోచించుకుని ఇప్పటికీ చేరలేదు.

ఇందులో ఎవరి వృక్షం వాళ్ళకు విడిగా ఉండదు, అందరికీ కలిపి ఒకటే. నేను రాసిన తాత పేజీని విశాఖలో ఉన్న మేనత్త మనవడు కూడా దిద్దొచ్చు. దిద్దాడు కూడా. మా తాతకి ఆయన సొంత తాత పేరే పెట్టారు, మనలో మామూలే కదా. ఇంటిపేరూ ఒకటే. ఒకే మనిషికి రెండు పేజీలున్నాయనుకుని వాడు రెండూ కలిపేశాడు. తెల్లారేసరికి మా తాత తన తండ్రికే తండ్రయ్యాడు. ఎవరు ఏం మార్చారో చిట్టా ఉంటుంది కాబట్టి విడదీయడం పెద్ద పని కాలేదు. వాడికి నచ్చజెప్పడానికే రెండు ఫోన్లు, ఒక పెళ్ళి భోజనం పట్టాయి. అప్పటినుంచి ప్రతి మార్పుకీ ఉండే 'కారణం' గడిని వదలకుండా నింపుతున్నాను: ఎవరు చెప్పారు, ఎప్పుడు చెప్పారు.

ఊరి పేరు దగ్గర నా బుర్ర బాగా తిరిగింది. తాత పుట్టినప్పుడు ఇచ్ఛాపురం మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం జిల్లా. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ఏర్పడి బరంపురం అటు పోయింది, ఇచ్ఛాపురం విశాఖ జిల్లాలో పడింది. 1950లో శ్రీకాకుళం జిల్లా. ఆయన కదలకుండా కూర్చున్నా మూడు జిల్లాలు మారేవాడు. అప్పటి పేరే రాయాలని నేను, ఇప్పటి పేరు రాస్తేనే పిల్లలకు తెలుస్తుందని మేనత్త మనవడు. చివరికి పుట్టినచోట పాత పేరు పెట్టి, ఇప్పటిది వివరంలో రాశాం. మేనరికాల సంగతి సరేసరి. ఒకే ముత్తవ్వ రెండు కొమ్మల్లోనూ కనిపిస్తుంది. అది తప్పు కాదు, చెరిపేయకండి.

తేదీలకు కాగితాలు లేవు, పెద్దత్త ఉంది. "జపానోడు రంగం మీద బాంబులేసిన ఏడు నాకు ఆరేళ్ళురా" అంది. ఆ బాంబులు 1941 డిసెంబర్ 23న పడ్డాయి. అంటే ఆమె పుట్టింది సుమారు 1935లో. 'సుమారు' అని రాస్తే సైటు ఒప్పుకుంటుంది. ఆడవాళ్ళని, పిల్లల్ని స్టీమరెక్కించి, తాత బర్మా కొండల్లోని టౌంగప్ కనుమ మీదుగా, ఇప్పుడు బంగ్లాదేశ్‌లో ఉన్న చిట్టగాంగ్ దాకా వచ్చాడట, ఎక్కువ భాగం నడకే. అత్త గొంతు రికార్డు చేసి ఆయన పేజీకి తగిలించాను. నాలుగేళ్ళలో నేను చేసిన పనుల్లో పిల్లలు మళ్ళీ మళ్ళీ తెరిచేది అదొక్కటే.

బతికున్నవాళ్ళ పేజీ మామూలుగా రాసినవాడికే కనిపిస్తుంది, పోయినవాళ్ళది అందరికీ. నియమం మంచిదే గానీ, మాకు ఒకచోట అడ్డొచ్చింది. రంగంలో తాతకి ఒక బర్మా భార్య ఉండేదని, ఒక కొడుకని ఇంట్లో గుసగుస. అత్తకి ఆమె పేరు తెలుసు. ఆమెకి పేజీ పెడితే ఊరంతా చూస్తుంది, పెట్టకపోతే వృక్షం అబద్ధం. అత్తనే అడిగాను.

"నేను పోయాక రాసుకోరా," అంది. పేరు మాత్రం చెప్పలేదు.