నాన్‌వెజ్ పచ్చడికి ఏది మేలు: కాంబేస్ లెక్కా, పీహెచ్ పట్టికా, ల్యాబ్ పరీక్షా?

ఇంట్లో చికెన్ పచ్చడి పెట్టి అమ్ముతున్న కూకట్‌పల్లి, దిల్‌సుఖ్‌నగర్ వాళ్ళు ఈ మధ్య ఒకటే అడుగుతున్నారు: సీసా మీద తేదీ వేయడానికి కాంబేస్‌లో (బ్యాక్టీరియా పెరుగుదల అంచనా వేసే ఆన్‌లైన్ సాధనం) లెక్క చూసుకుంటే చాలదా, ల్యాబ్‌కి అంత డబ్బు ఎందుకు పోయాలి అని. పీహెచ్ అంటే పులుపు కొలత, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ. వాటర్ యాక్టివిటీ అంటే బ్యాక్టీరియాకి అందే నీటి కొలత, 0 నుంచి 1 దాకా ఉంటుంది. ఇక నేరుగా విషయానికొస్తాను.

కాంబేస్ ఉచితం, మంచిది కూడా. ఉష్ణోగ్రత, పీహెచ్, ఉప్పు ఇస్తే ఫలానా బ్యాక్టీరియా ఎన్ని గంటల్లో ఎంత పెరుగుతుందో గ్రాఫ్ చూపిస్తుంది. ఫ్రిజ్‌లో ఉండే కొబ్బరి చట్నీకి, పనీర్ కూరకి, మధ్యలో నాలుగు గంటలు కరెంటు పోతే ఏమవుతుందో చూడాలంటే నేనూ దాన్నే తెరుస్తాను.

పచ్చడి సంగతి వేరు. నెలల తరబడి బయటే ఉండే సరుకులో బ్యాక్టీరియా ఎంత నెమ్మదిగా పెరిగినా పెరిగినట్టే, అందుకని ఎంత వేగంగా అని అడిగి లాభం లేదు, అసలు పెరుగుతుందా లేదా అన్నదే తేలాలి. పైగా మన ఏప్రిల్, మే ఎండల్లో కొరియర్ వ్యాన్ లోపల 40 డిగ్రీలు దాటడం మామూలే, తిండిలో విషం చేసే స్టెఫైలోకాకస్ బ్యాక్టీరియాకి 37 దగ్గరే బాగా పెరిగే వేడి. అంటే చల్లదనం అనే అడ్డు మనకు లేదు, పులుపూ నీటి లభ్యతా రెండే మిగిలాయి.

ఆ రెంటినీ కలిపి చూసే పట్టికలు అమెరికా ఫుడ్ కోడ్‌లో (అక్కడి ఆహార భద్రత నియమావళి) ఉన్నాయి, నా మొగ్గు వాటికే. బ్యాక్టీరియా చచ్చేలా వేడిచేసి ఆ తర్వాత ప్యాక్ చేసిన వాటికి ఒకటి, మిగతావాటికి ఇంకొకటి. ముక్కలు వేయించి చల్లారాక కారం, నిమ్మరసం కలుపుతాం కాబట్టి మనది రెండోదే. వాటర్ యాక్టివిటీ 0.88 కన్నా తక్కువైతే పీహెచ్ ఎంతున్నా సరే (బూజు లెక్క వేరే). 0.90 దాటి 0.92 లోపు ఉంటే పీహెచ్ 4.6 దాటకూడదు. 0.92 కూడా దాటిందా, 4.2 కన్నా తక్కువ ఉండాల్సిందే.

అయితే ఏ అంకె వేస్తున్నారన్న దగ్గరే అసలు తిప్పలు. మీటర్‌ని మసాలాలో ముంచితే 4 చూపిస్తుంది, అందరూ ఊపిరి పీల్చుకుంటారు. వండిన చికెన్ పీహెచ్ 6 దాపుల్లో ఉంటుంది, పులుపు ముక్క మధ్యకి చేరడానికి టైం పడుతుంది, ఈలోపు నడిమి భాగం 5 పైనే ఉండిపోవచ్చు. పైన నూనె, లోపల గాలి లేదు. ప్రాణాంతక విషం చేసే క్లాస్ట్రిడియం బొటులినమ్ బ్యాక్టీరియాకి కావలసింది అదే, దాన్ని ఆపే గీత 4.6. అందుకే సీసాలో అన్నిటికన్నా లావు ముక్క తీసి, నూనె తుడిచి, అడ్డంగా కోసి మధ్యలో కొలవండి.

పట్టికకి కనబడనిది ఒకటుంది. పీహెచ్ 4.2 దగ్గర వెనిగర్‌లోని ఎసిటిక్ యాసిడ్ నాలుగింట మూడొంతులకి పైగా అయాన్లుగా విడిపోకుండా ఉంటుంది, బ్యాక్టీరియా కణంలోకి దూరేది ఆ రూపమే. నిమ్మకాయలోని సిట్రిక్ యాసిడ్ అలా పదో వంతు కూడా ఉండదు. అంకె ఒకటే అయినా అడ్డు ఒకటి కాదు.

ఇంకోటి, పెరగకపోవడం వేరు, చావడం వేరు. తెలంగాణలో 2024 అక్టోబర్‌లో పచ్చి గుడ్డు మయోనైజ్‌ని నిషేధించారు కదా, అలాంటి పుల్లటి మయోనైజ్‌లో సాల్మొనెల్లా బయటకన్నా ఫ్రిజ్‌లోనే ఎక్కువ రోజులు బతికి ఉంటుంది. పట్టిక ఈ సంగతి చెప్పదు.

ల్యాబ్‌లో బ్యాక్టీరియాని కావాలని కలిపి చూసే ఛాలెంజ్ టెస్ట్ ఖరీదు, పట్టికలో గీత దాటినవాళ్ళకే అవసరం. తాజా సీసా ఇచ్చి అందులో బ్యాక్టీరియా ఎన్నున్నాయో కౌంట్ చేయించుకుంటే ఆరోజు సంగతే తెలుస్తుంది.

కాబట్టి ముందు పీహెచ్ మీటర్ కొనండి, వాటర్ యాక్టివిటీ ల్యాబ్‌లో చేయించండి. ముక్క మధ్యలో కొలిచిన పీహెచ్ మీ వాటర్ యాక్టివిటీకి పట్టిక చెప్పిన గీత దాటితే ఆ బ్యాచ్ పంపకండి, తర్వాతి సారి ముక్కలు చిన్నగా కొట్టించి, వేయించే ముందే వెనిగర్‌లో నానబెట్టి మళ్ళీ కొలవండి.