రెండు ఫ్లీస్ జాకెట్లు, నాలుగు శీతాకాలాలు

విశాఖపట్నంలో ఉంటూ ఫ్లీస్ జాకెట్టు, అంటే బొచ్చులా మెత్తగా ఉండే వెచ్చని బట్టతో కుట్టిన జాకెట్టు గురించి రాయడం కొందరికి వింతగా తోచవచ్చు. జనవరిలో కూడా బీచ్ రోడ్డులో ఉదయపు నడకకు పొట్టిచేతుల చొక్కా సరిపోతుంది. కానీ అరకు వైపో, పాడేరు వైపో ఘాట్ రోడ్డు ఎక్కితే సంగతి వేరు. లంబసింగిలోనూ, వంజంగి కొండ మీదా తెల్లవారుజామున ఒంటి మీద వెచ్చనిదేదీ లేకుండా నిలబడడం కష్టం.

నాలుగేళ్ళుగా నా దగ్గర రెండు ఫ్లీస్‌లు ఉన్నాయి. ఒకటి కొండ నడకకని కొన్న పలుచనిది: చదరపు మీటరుకు 100 గ్రాముల బట్ట, లోపలి వైపు చిన్న గళ్ళు, మెడ దాకా జిప్పు. రెండవది షోరూములో చూడగానే నచ్చి, దాదాపు రెట్టింపు ధర పెట్టి తెచ్చుకున్న 300 గ్రాముల షెర్పా రకం (గొర్రె ఉన్నిలా ఉంగరాల బొచ్చు ఉండేది). చేతిలో పట్టుకుని చూస్తే ఈ రెండవదే వెచ్చనిదని ఎవరైనా అంటారు. నేనూ అలాగే అనుకుని మొదటిసారి వంజంగికి దానినే తొడుక్కుని వెళ్ళాను.

టార్చి వెలుగులో ఎక్కడం మొదలుపెట్టిన పదిహేను నిమిషాలకే వీపంతా చెమట పట్టింది. విప్పి నడుముకు కట్టుకుంటే దుప్పటి మూటలా ఊగుతూ అడుగడుగునా తొడలకు అడ్డం వచ్చింది. పైన మేఘాల కోసం నిలబడ్డాక మళ్ళీ తొడుక్కున్నాను గానీ, అప్పటికి గాలి లేచింది. తడిసిన బనీను మీదికి ఆ గాలి జాకెట్టులోంచి నేరుగా వచ్చి తగిలింది. ఫ్లీస్ వెచ్చదనమంతా పోగుల మధ్య నిలిచే గాలి వల్ల వచ్చేదే కాబట్టి, విసురుగాలికి అది కాస్తా చెదిరిపోతుంది.

మరుసటి ఏడు పలుచనిది వేసుకుని, సంచిలో ఒక మామూలు విండ్‌చీటర్ పెట్టుకున్నాను. ఎక్కేటప్పుడు జిప్పు దించితే ఒంటి వేడి బయటికి పోయింది, పైకి చేరాక విండ్‌చీటర్ గాలిని ఆపింది. పాలియెస్టర్ పోగు నీటిని దాదాపుగా పీల్చుకోదు గనుక, మంచుకు తడిసిన జాకెట్టు మధ్యాహ్నానికల్లా ఆరిపోయింది. దీని లోపమల్లా సంచి పట్టీలు ఒరుసుకునే భుజాల దగ్గర ఉండలు కట్టడమే. చూడడానికి జిమ్ముకు వెళ్ళేవాడిలా ఉన్నానని మా ఆవిడ అంటుంది, అది నిజమే.

మందపాటిది రాత్రి ఏసీ బస్సులో, పెళ్ళి ప్రయాణాల్లో బాగా పనికివచ్చింది. ఉండలు కట్టదని షోరూములో చెప్పిన మాట మాత్రం నిలవలేదు: రెండు ఉతుకులకే మోచేతుల దగ్గర ఉంగరాల బొచ్చు అట్ట కట్టింది. మా ఊరి తేమకు, వానాకాలమంతా బీరువాలో ఉండి ముక్కవాసన కూడా పట్టింది. అరకులో చలిమంట దగ్గర కూర్చున్నప్పుడు ఒక నిప్పురవ్వ ఎగిరి ఈ జాకెట్టు ఎడమ చేతి మీద పడి శనగగింజంత చిల్లు పెట్టింది. దాని అంచు ప్లాస్టిక్ ముక్కలా గట్టిపడిపోయింది. ఫ్లీస్ అంటే గొర్రె బొచ్చని అర్థమే గానీ, 1979లో అమెరికాలో మాల్డెన్ మిల్స్ రూపొందించిన ఈ బట్ట పాలియెస్టరే. మంట దగ్గర రెండు జాకెట్లకూ ఒకటే ప్రమాదం. ఇస్త్రీ పెట్టె కూడా తగలనివ్వకూడదు. తిరగేసి చన్నీళ్ళలో ఉతికి, మెత్తదనానికి వాడే ద్రవాలేవీ కలపకపోతే చాలాకాలం మన్నుతుంది.

మళ్ళీ కొనవలసివస్తే పలుచనిదే, లోపల ఇంకో చొక్కా పట్టేంత వదులుగా ఉన్నది కొంటాను. మందపాటిదాన్ని మా అబ్బాయి హైదరాబాద్ హాస్టలుకు పట్టుకుపోయాడు. చేతి మీది అతుకును అక్కడి స్నేహితులు ఫ్యాషను అనుకున్నారట.