క్రేమరా, గంథరా, మన అప్పాజీయా: పక్క కారెక్టర్లలో ఎవరు మేలు?

సీరియల్లో హీరో ఎవరైనా నాకు ఒకటేనండి, పక్కన ఓ తేడా మనిషి ఉంటేనే కూర్చుని చూస్తా. మా ఇంట్లో దీని మీద ఎప్పుడూ గొడవే, మా బావ అమెరికా కామెడీ సీరియల్ సైన్‌ఫెల్డ్‌లో క్రేమర్‌ని మించినోడు లేడంటాడు, చెల్లి ఇంకో అమెరికా సీరియల్ ఫ్రెండ్స్‌లో గంథర్ అంటది, నేనేమో మన తెలుగు సీరియల్ అమృతంలో ఇంటి ఓనర్ అప్పాజీ దగ్గరే ఆగిపోయా.

క్రేమర్ హీరో జెర్రీకి ఎదురు ఫ్లాట్ వాడు, తలుపు కొట్టడు, జర్రున జారుతూ లోపలికొచ్చేసి దొరికింది తినేస్తాడు, సరైన ఉద్యోగం లేదు, అసలు పేరు కాస్మో అని ఆరో సీజన్ దాకా చెప్పరు. న్యూయార్క్‌లో అది వింతేమో గానీ మా రాజోలు వైపు తలుపు కొట్టి వచ్చేవాణ్ణే అనుమానంగా చూస్తారు, తెలిసినోళ్ళయితే పెరట్లోంచి తిన్నగా వంటింట్లోకొచ్చి గిన్నె మీద మూత తీసి "ఏం కూర అత్తా" అంటారు. మా నాయనమ్మకి ఓ ఎపిసోడ్ చూపించి నేనే మాటలన్నీ చెప్తుంటే, "నవ్వడానికేముందిరా, కుర్రాడు ఆకలేసి వచ్చాడు" అంది, ఆయ్. అంటే మనిషి తేడాగా కనబడాలంటే చూసేవాళ్ళ ఊరు కూడా కలిసిరావాలి. కాకపోతే ఆ వేషం వేసిన మైకేల్ రిచర్డ్స్ పడ్డం లేవడం మాత్రం ఏ ఊళ్ళోనైనా నవ్వొస్తుంది, ఊరికే మూడు ఎమ్మీ అవార్డులు ఇవ్వలేదు కదా.

గంథర్ దీనికి పూర్తిగా రివర్స్. ఆ వేషం వేసిన జేమ్స్ మైకేల్ టైలర్‌కి నిజంగానే ఎస్ప్రెస్సో కాఫీ మిషన్ వాడ్డం వచ్చేది, అందుకే ఫ్రెండ్స్ అంతా కూర్చునే కాఫీ షాపులో వెనకాల నిలబెట్టారు, మొదటి సీజన్లో ఒక్క డైలాగ్ లేదు. హీరోయిన్ రేచల్ మీద ఇష్టాన్ని కడుపులో దాచుకుని చివరి ఎపిసోడ్‌లో గానీ చెప్పడు. చెల్లికి కళ్ళలో నీళ్ళు తిరుగుతాయి, నాకైతే నమ్మకం కుదర్లేదు. మా భీమవరంలో హోటల్ గల్లాపెట్టె దగ్గర కూర్చున్నోడు అన్నేళ్ళు నోరు మెదపకుండా ఉంటాడా? రెండో రోజుకే ఆ అమ్మాయి మేనమావ ఏ ఊరోడో కనుక్కుని ఉంటాడు. గంథర్‌లో ఇంకో తక్కువ కూడా ఉంది, చాలా ఎపిసోడ్లలో వాణ్ణి తీసేసినా కథ ఆగదు.

అప్పాజీని తీస్తే ఆగిపోతుంది. ఇల్లు ఆయనది కాబట్టి ఆయన అలిగాడంటే అద్దెకుండే హీరో అమృతం, వాడి ఫ్రెండ్ ఆంజనేయులు ఇద్దరికీ నిద్రుండదు, మనకి నవ్వొస్తుంది గానీ వాళ్ళకది నిజం భయం, ఆ రెండూ కలిసినచోటే మజా. క్రేమర్ ఎంత గోల చేసినా జెర్రీని ఇంట్లోంచి గెంటలేడు కదండీ. పైగా ఒకటి చూడండి, 2001 నుంచి 2007 దాకా జెమినీలో వచ్చిన ఆ సీరియల్లో అమృతం వేషం శివాజీ రాజా వేశారు, నరేష్ వేశారు, హర్షవర్ధన్ వేశారు, అంటే హీరో మారినా బండి నడిచింది, కానీ అప్పాజీగా శివన్నారాయణ గారిని తప్ప ఇంకొకర్ని ఊహించుకోండి చూద్దాం. మాటలో ఆ పెద్దరికం, ఆ వెటకారం మా గోదారోళ్ళకి ఇట్టే ఎక్కేస్తాయి, ఇలాంటి ఇంటి ఓనర్లు అమలాపురంలో వీధికొకరున్నారు.

నా ఓటు అప్పాజీకి, తర్వాత క్రేమర్‌కి, గంథర్ అప్పుడప్పుడూ అయితే ఓకే.

ఇంతలో మా బావ కొత్త పేచీ ఎత్తాడు, అమృతం హోటల్లో పనిచేసే సర్వం ఉన్నాడు కదా, వాడికి విడిగా ఓ షో ఇచ్చుంటే ఇరగదీసేవాడంట. వద్దు బాబోయ్ అన్నా. ఫ్రెండ్స్‌లోంచి జోయీ అనే కారెక్టర్ని విడదీసి 2004లో షో పెడితే రెండు సీజన్లకే మూసేశారు. "మరి ఫ్రేజర్ షో పదకొండు సీజన్లు ఎలా ఆడింది" అని ఎదురడిగాడు. ఆ ఫ్రేజర్ కూడా చీర్స్ అనే పాత సీరియల్లో బార్‌కొచ్చే పక్క మనిషే, నిజమే, కానీ వాణ్ణి సియాటిల్ తీసుకెళ్ళి వాడికంటే తిక్క తమ్ముణ్ణి నైల్స్‌ని, విసుక్కునే నాన్నని పక్కన పెట్టారు కాబట్టి ఆడింది. సర్వానికి కూడా అంతకంటే తిక్కోణ్ణి ఎవర్నైనా తెస్తే అప్పుడు ఆలోచిద్దాం బావా అన్నా, ఇంకా వెతుకుతున్నాడు.