క్రిస్టా తోస్తుంది, హైక్రాస్ లాగుతుంది: డిసెంబరు మంచులో అరకు ఘాటీ మీద రెండూ నడిపాక

మా ఇంట్లో 2021 మోడల్ ఇన్నోవా క్రిస్టా ఉంది, డీజిల్, మాన్యువల్ గేరు. మా బావగారు హైక్రాస్ హైబ్రిడ్ తీసుకున్నారు, అంటే పెట్రోలు ఇంజన్‌తో పాటు బ్యాటరీ, కరెంటు మోటారు కూడా ఉన్నది. రెండింటికీ పేరు ఇన్నోవానే గానీ కింద దూరి చూస్తే ఒకదానికి ఒకటి ఏమీ కాదు. 2005లో ఇన్నోవా మన దేశానికి వచ్చిన దగ్గర నుంచి క్రిస్టా దాకా అన్నీ లారీలా ఛాసిస్ అనే ఇనుప చట్రం మీద బాడీ కూర్చోబెట్టిన బళ్ళు, ఇంజన్ ముందు ఉంటుంది, పొడుగాటి షాఫ్ట్ వెనక్కి వెళ్ళి వెనక చక్రాలను తిప్పుతుంది. 2022 చివర్లో బయటపెట్టిన హైక్రాస్‌లో ఆ ఛాసిసూ లేదు, ఆ షాఫ్టూ లేదు, ఇంజన్, మోటారు, గేర్‌బాక్స్ అన్నీ ముందే, అవి తిప్పేది ముందు చక్రాలనే. అందుకే చలికాలం ఘాటీ మీద ముందు చక్రాలు లాగే బండి (ఫ్రంట్ వీల్ డ్రైవ్) మేలా, వెనక చక్రాలు తోసే బండి (రియర్ వీల్ డ్రైవ్) మేలా అన్న ప్రశ్నకు మా రెండు కుటుంబాల దగ్గరే జవాబు దొరుకుతుందనిపించి, డిసెంబరులో అందరం అరకు బయల్దేరినప్పుడు ఎస్.కోట దగ్గర టీ తాగి, నేనూ బావా తాళాలు మార్చుకున్నాం. ఘాటీ ఎక్కేటప్పుడు ఆయన బండి నేను, దిగేటప్పుడు నా బండి నేను. మర్నాడు పొద్దున్నే గాలికొండ దాకా మళ్ళీ రెండూ తిప్పాం.

ముందు మన చలికాలం అంటే ఏమిటో చెప్పాలి. తెలుగులో మంచు అన్న మాట ఒక్కటే, అది పొగమంచుకూ అదే, అమెరికాలో మోకాలి లోతు పడేదానికీ అదే. ఆన్‌లైన్‌లో చలికాలం డ్రైవింగ్ గురించి కనబడే సలహాలన్నీ ఆ రెండో రకం మంచు గురించి. మన ఏజెన్సీలో లంబసింగి, అరకు, పాడేరు వైపు తెల్లవారుజామున ఒకే అంకె డిగ్రీలకు పడిపోవడం మామూలే గానీ రోడ్డు గడ్డకట్టదు. మన సమస్య వేరు. రాత్రంతా కురిసిన మంచుకు తారు తడిసి నల్లగా మెరుస్తుంది, దాని మీద కాఫీ తోటల సిల్వర్ ఓక్ ఆకులు అతుక్కుని ఉంటాయి, పొలాల్లోంచి ట్రాక్టర్లు మోసుకొచ్చిన ఎర్రమట్టి మలుపుల్లో పలచగా పరచుకుని ఉంటుంది, ఎక్కే లారీలు కార్చిన డీజిల్ చుక్కలు సరేసరి. జోరువాన అయితే ఇవన్నీ కడుక్కుపోతాయి. మంచు తడి కడగదు, పేస్టులా చేస్తుంది. ఎదురుగా ఇరవై అడుగులు కూడా కనబడని పొగలో దాని మీద నడపడం, ఇదీ మన వింటర్ డ్రైవింగ్.

ఇక ఎక్కడం. టైడా దాటాక ఒక హెయిర్‌పిన్ దగ్గర పైనుంచి వస్తున్న ఆర్టీసీ బస్సుకు దారి ఇవ్వడానికి సరిగ్గా ఎత్తు మీద ఆగాల్సి వచ్చింది. హైక్రాస్‌లో మేం ఏడుగురం, వెనక డిక్కీలో సామాను, చక్రం కింద తడి ఆకులు. బస్సు వెళ్ళాక మెల్లగానే యాక్సిలరేటర్ నొక్కాను. ముందు ఎడమ టైరు కిర్రున అరిచింది, మీటరు దగ్గర జారుతున్న కారు బొమ్మ పసుపు రంగులో టపటపా వెలిగింది, ఒక క్షణం బండి అక్కడే ఉండి ఆ తర్వాత కదిలింది. వెనక సీట్లోంచి మా అత్తయ్య "ఏటయింది బాబూ, జారిపోతందేటి" అన్నారు. ఏమీ కాలేదు, చక్రం ఊరికే తిరగకుండా పట్టుకునే ట్రాక్షన్ కంట్రోల్ తన పని తాను చేసింది. అదే చోట వెనకాల బావ క్రిస్టాలో ఆగారు, అందులోనూ నిండా జనమే. నేను అద్దంలో చూస్తూనే ఉన్నాను, బండి వెనక భాగం కాస్త కిందికి కూర్చుంది, ఏ చప్పుడూ లేకుండా ఎక్కేసింది.

ఇది హైక్రాస్ తప్పు కాదు, ఏ ఫ్రంట్ వీల్ డ్రైవ్ బండైనా ఇంతే. ఖాళీగా, చదును రోడ్డు మీద ఉన్నప్పుడు ఇంజన్ బరువంతా లాగే చక్రాల నెత్తినే ఉంటుంది కాబట్టి ముందు చక్రాలకు పట్టు బాగా దొరుకుతుంది. చాలా ఫ్రంట్ వీల్ కార్లలో మొత్తం బరువులో అరవై శాతం దాకా ముందే ఉంటుంది. కానీ ఎత్తు ఎక్కుతున్నప్పుడు బరువు వెనక్కి జరుగుతుంది, పైగా మూడో వరసలో మనుషులు, డిక్కీలో బ్యాగులు, అంటే లాగాల్సిన చక్రాలు తేలికయిపోతాయి, లాగక్కర్లేని చక్రాల మీద బరువు పడుతుంది. వెనక చక్రాలు తోసే బండికి అదే బరువు వరం. ఏజెన్సీలో నిండుగా జనాన్ని వేసుకుని తిరిగే జీపులూ బొలేరోలూ వెనక తోపుడు బళ్ళే కావడంలో విశేషమేమీ లేదు. వారానికోసారి ఏడెనిమిది మందితో పాడేరు, చింతపల్లి తిరిగేవాళ్ళు నన్నడిగితే రెండో ఆలోచన లేకుండా రియర్ వీల్ డ్రైవే అంటాను.

అయితే ఒక్క ఆగి కదిలే ఘట్టం తప్పిస్తే ఎక్కడంలో మిగతా దారంతా హైక్రాస్ హాయిగా ఉంది. గేర్లు మార్చే పని లేదు, మోటారు సాయం వల్ల మలుపు తిరగ్గానే లాగేస్తుంది, కుదుపు లేదు, పిల్లలు ఒక్కసారి కూడా వాంతులనలేదు. క్రిస్టాలో మా చిన్నాడికి అనంతగిరి రాకముందే కవరు తీయాల్సి వస్తుంది. కానీ దీన్ని ముందు చక్రాల ఖాతాలో వేయకూడదు. అది ఛాసిస్, ఎత్తు, సస్పెన్షన్ వల్ల వచ్చే తేడా. ఈ రెండూ కలిపేసి "ఫ్రంట్ వీల్ డ్రైవ్ అయితే ఊగదు" అని రాసేవాళ్ళను చూస్తే నాకు బాధేస్తుంది, దాన్ని నమ్మి లక్షలు పెట్టి కొనేవాళ్ళుంటారు కదా. ముందు చక్రాల వల్ల నిజంగా కలిగే లాభం ఇంకోటి ఉంది. వెనక్కి షాఫ్ట్ పోయే పని లేకపోవడం, కింద ఆ ఛాసిస్ కూడా లేకపోవడం, రెండూ కలిసి ఫ్లోర్ కిందికి వచ్చింది. మోకాళ్ళ నొప్పులున్న మా అమ్మ క్రిస్టా ఎక్కాలంటే ఒక చేత్తో హ్యాండిల్, ఇంకో చేత్తో నా భుజం పట్టుకుంటుంది. హైక్రాస్‌లో తానే ఎక్కి కూర్చుని చీర సర్దుకుంది. మా ఇంట్లో ఇది చిన్న విషయం కాదు.

దిగడం దగ్గరే అసలు కథ, దీని గురించి ఎవరూ సరిగ్గా చెప్పరు. దిగేటప్పుడు బరువు ముందుకు జరుగుతుంది, వెనక చక్రాలు తేలికవుతాయి. క్రిస్టాలో రెండో గేరులో పెట్టి దిగుతుంటే ఇంజన్ పట్టు మొత్తం ఆ తేలికయిన వెనక చక్రాల మీదే పడుతుంది. పొడి రోడ్డు మీద అది ఎంతో బాగుంటుంది, బ్రేకు వేడెక్కదు, బండి మన చేతిలో ఉన్నట్టే ఉంటుంది. తడి రోడ్డు మీద క్లచ్ ఒక్కసారిగా వదిలితే మాత్రం వెనక చక్రాలు ఓ క్షణం ఆగినట్టయి తోక పక్కకు వెళ్తుంది. అంతకు ముందు ఏడాది నాకు జరిగింది. బండిలో ఇద్దరమే ఉన్నాం, సన్నగా తుంపర, అనంతగిరి దాటి దిగుతూ మలుపు మధ్యలో మూడు నుంచి రెండుకు మార్చి క్లచ్ వదిలాను. వెనక భాగం జానెడు బయటికి జరిగింది. గుండె నోట్లోకి వచ్చింది. స్టీరింగ్ ఎటు తిప్పానో గుర్తు లేదు, బీప్ బీప్ మని శబ్దం, వీఎస్‌సీ (బండి పక్కకు జారితే తనే బ్రేకులు వేసి సర్దే ఏర్పాటు) బొమ్మ వెలిగింది, బండి తనంతట తాను సర్దుకుంది. తప్పు బండిది కాదు. వెనక టైర్లు దాదాపు గుండయిపోయి ఉన్నాయి, మార్చాలని తెలిసీ నేనే నెల రోజులు వాయిదా వేశాను. మలుపులోకి దిగాక గేరు మార్చింది కూడా నేనే.

అదే దిగుడులో హైక్రాస్ ఎలా ఉంటుందంటే, కాలు తీయగానే మోటారు బ్యాటరీని ఛార్జ్ చేస్తూ బండిని పట్టుకుంటుంది, ఆ పట్టు ముందు చక్రాల ద్వారా వస్తుంది, బరువు కూడా అప్పుడు ముందే ఉంటుంది కాబట్టి తోక కదలదు. కొత్తవాళ్ళు కంగారు పడకుండా ఒక సంగతి తెలుసుకోవాలి, అంత దూరం దిగితే బ్యాటరీ నిండిపోతుంది, అప్పుడు మనం ఏమీ నొక్కకుండానే ఇంజన్ గట్టిగా అరుస్తుంది. బండిని పట్టుకోవడానికి ఇంజన్‌ను తిప్పుకుంటోందన్నమాట, ఏదో పాడయిపోయిందని రోడ్డు పక్కన ఆపేయక్కర్లేదు.

మలుపుల సంగతికొస్తే, క్రిస్టా స్టీరింగ్ బరువుగా ఉన్నా నిజాయితీగా ఉంటుంది. మలుపు తిప్పే చక్రాలు వేరు, బండిని తోసే చక్రాలు వేరు, అందుకని ఎంత తొక్కినా చేతిలో స్టీరింగ్ లాగినట్టు ఉండదు. హైక్రాస్‌లో తడి మీద గట్టిగా తొక్కితే స్టీరింగ్ కొద్దిగా మెదులుతుంది, ఒకే జత టైర్లు తిరగాలి, లాగాలి, బ్రేకులో ఎక్కువ భాగం మోయాలి, పాపం వాటికి అంతే చేతనవుతుంది. నడపడంలో ఆనందం వెతుక్కునేవాళ్ళకు వెనక చక్రాల బండే నచ్చుతుంది, పొడి రోడ్డు మీద భీమిలి దాకా పొద్దున్నే వెళ్తుంటే నాకూ అంతే. కానీ పట్టు తప్పిన క్షణంలో ఏం జరుగుతుందన్నది చూడాలి. ముందు చక్రాల బండి వేగం ఎక్కువై పట్టు తప్పితే మలుపు తిరగకుండా తిన్నగా పోతుంది. భయపడి మనం సహజంగా చేసే పని కాలు తీసేయడం, సరిగ్గా అదే దానికి మందు, బరువు ముందుకు వచ్చి మళ్ళీ తిరుగుతుంది. వెనక చక్రాల బండిలో తోక తప్పితే భయపడి ఒక్కసారిగా కాలు తీసినా బ్రేకు తొక్కినా ఇంకా తిరిగిపోవచ్చు, తోక ఎటు పోతే స్టీరింగ్ అటు తిప్పి పట్టుకోవాలి. మనలో ఎంతమందికి డ్రైవింగ్ స్కూల్లో అది నేర్పారు? నాకు నేర్పలేదు. మా నాన్న తరం అంబాసిడర్ల మీద, జీపుల మీద చేయి తిరిగినవాళ్ళు కాబట్టి వాళ్ళకు అలవాటు. 1983లో మారుతి 800 వచ్చాక నేర్చుకున్న మనలో చాలామందిమి ముందు చక్రాల బండి మీదే పెరిగాం.

అసలైన మంచు గురించి కూడా కాస్త. మా తమ్ముడు మిషిగన్‌లో ఉంటాడు, ఈ కబురు ఫోన్లో చెబితే వాడన్నాడు, "అన్నయ్యా, ఇక్కడ ముందు చక్రాలా వెనక చక్రాలా అని తర్వాత అడుగుతారు, ముందు వింటర్ టైర్లు వేశావా అని అడుగుతారు." ఏడు డిగ్రీల కంటే కిందికి దిగితే మామూలు టైరు రబ్బరు గట్టిపడి పట్టు తగ్గుతుంది, వింటర్ టైరు రబ్బరు మెత్తగానే ఉంటుంది. అక్కడ వెనక చక్రాల పికప్ బళ్ళవాళ్ళు చలికాలం రాగానే వెనక ఇసుక మూటలు వేసుకుంటారట, మనం మూడో వరసలో మనుషుల్ని కూర్చోబెట్టినట్టు. ఇంకో మాట కూడా అన్నాడు, ఫోర్ వీల్ డ్రైవ్ అయినా సరే కదలడానికే సాయం, ఆగడానికి కాదు. బ్రేకు ఏ బండిలోనైనా నాలుగు చక్రాలకూ పడుతుంది. మన ఘాటీలో పొగలో ఎదురుగా గేదె కనబడ్డప్పుడు ఇంజన్ ఏ చక్రాలను తిప్పుతోందన్నది ఏమాత్రం పనికి రాదు, టైర్లూ వేగమే తేలుస్తాయి.

అందుకే టైర్ల గురించి గట్టిగా చెబుతున్నాను. ఆ జానెడు జారుడు తర్వాత మా గాజువాక వైపు ఒక టైర్ల షాపుకి వెళ్తే, కొత్త జత ముందు వేస్తాను, పాతవి వెనక్కి మారుస్తాను, స్టీరింగ్ ముందే కదా అన్నాడు. చాలా షాపుల్లో ఇదే మాట. వద్దు, వెనక వేయించుకోండి, ముందు చక్రాల బండైనా సరే. ముందు పట్టు తగ్గితే మనకు స్టీరింగ్‌లో తెలుస్తుంది, కాలు తీయడానికి టైం ఉంటుంది. వెనక తగ్గితే తెలిసేసరికే బండి అడ్డం తిరుగుతుంది. గాడి లోతు చట్టప్రకారం 1.6 మిల్లీమీటర్లు ఉండాలి, గాడి మధ్యలో ఉండే చిన్న గట్టు టైరు పైభాగంతో సమానమయిందంటే అయిపోయినట్టే. ఘాటీకి వెళ్ళేవాళ్ళు అంతదాకా ఆగొద్దు. ముందు చక్రాల బళ్ళకు ముందు టైర్లు త్వరగా అరుగుతాయి, మార్చి మార్చి వేయించకపోతే ఒక జత కొత్తగా, ఒక జత గుండుగా మిగులుతుంది.

మైలేజీ ఆ ట్రిప్పులో క్రిస్టాకు పన్నెండు లోపు, హైక్రాస్‌కు పదహారు చిల్లర వచ్చింది, హైబ్రిడ్ కాబట్టి దాన్నీ చక్రాల లెక్కలో వేయను.

నా మాట ఇది. మా విశాఖలో ఎన్ఏడీ, మద్దిలపాలెం ట్రాఫిక్కు, ఏడాదికి రెండు మూడుసార్లు అరకు, నలుగురైదుగురు మనుషులు అనుకుంటే ముందు చక్రాల బండి తీసుకోండి, హైక్రాసే కానక్కర్లేదు, మామూలు స్విఫ్ట్ అయినా తడి దిగుడులో మిమ్మల్ని ఎక్కువ క్షమిస్తుంది. నిండు బండితో తరచూ ఎత్తులెక్కేవాళ్ళు, గేరు మీద కాలి మీద అదుపున్నవాళ్ళు వెనక చక్రాల బండి తీసుకోండి, వీఎస్‌సీ లేనిది మాత్రం ఊరికే ఇచ్చినా వద్దు. బావ తిరిగొచ్చాక "మనం మార్చేసుకుందామా" అని అడిగారు, అమ్మ అప్పటికే హైక్రాస్ ముందు సీట్లో కూర్చుని ఉంది. నేను క్రిస్టా తాళం జేబులో వేసుకున్నాను. సంక్రాంతికి పాడేరు దగ్గర వంజంగి కొండకు వెళ్తున్నాం, తొమ్మిది మందిమి, రెండు బళ్ళూ తీస్తున్నాం. పెద్దవాళ్ళు బావతో, కుర్రాళ్ళూ సామానూ నాతో, వెనక రెండు టైర్లు కొత్తవి.