డెన్వర్‌లో రైలుకు ముందు ఒక రాత్రి

కొలరాడోలో మా అబ్బాయి దగ్గరికి వెళ్ళినప్పుడు కాలిఫోర్నియా జెఫిర్ రైల్లో రాకీ కొండలు చూడాల్సిందేనని నేనే పట్టుబట్టాను. అది డెన్వర్ యూనియన్ స్టేషన్ నుంచి పొద్దున పూట బయల్దేరుతుంది. వాడి ఇల్లేమో ఊరికి దూరం, ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే రైలు పోతుందేమోనని టెన్షన్. అందుకే ముందురోజు రాత్రికి స్టేషన్ పక్కనే ఆక్స్‌ఫర్డ్ హోటల్లో గది తీసుకున్నాం.

దానికి ఇంకో కారణం కూడా ఉంది. అమెరికాలో దిగిన రోజు విమానం ఆలస్యమై ఎయిర్‌పోర్టు దగ్గర ఒక హోటల్లో పడుకోవాల్సి వచ్చింది. వాళ్ళ వ్యాన్ కోసం చలిలో సూట్‌కేసులు పట్టుకుని ముప్పావుగంట నిలబడ్డాం. గది శుభ్రంగానే ఉంది కానీ బయట అడుగు పెడితే అన్నీ కార్లు పోయే రోడ్లే, నడుద్దామంటే దారి లేదు. డెన్వర్ వెళ్ళేవాళ్ళకి నేను చెప్పేది ఒకటే, ఎయిర్‌పోర్టు దగ్గర ఆగొద్దు. అక్కడి నుంచి యూనియన్ స్టేషన్‌కి ఏ-లైన్ రైలు ఉంది, మేము వెళ్ళినప్పుడు టికెట్ 10 డాలర్లు, ప్రయాణం 37 నిమిషాలు.

స్టేషన్ బయటికొచ్చి 17వ వీధిలో కాస్త నడిస్తే వాజీ వీధి మూల మీద ఎర్ర ఇటుకల అయిదంతస్తుల భవనం కనిపిస్తుంది. అదే ఆక్స్‌ఫర్డ్. 1891లో తెరిచారు. నిజానికి డెన్వర్ ఊరే రైలు వల్ల బతికింది. దేశానికి అడ్డంగా వేసిన మొదటి రైలు మార్గం ఈ ఊరిని వదిలేసి ఉత్తరాన షయెన్ అనే ఊరి మీదుగా పోతే, ఇక్కడివాళ్ళు డబ్బులు పోగేసుకుని 1870లో అక్కడిదాకా సొంతంగా లైను వేయించుకున్నారు. 1881లో యూనియన్ స్టేషన్ వచ్చింది. పదేళ్ళకి, రైలు దిగినవాళ్ళు సామానుతో నడిచి వచ్చేంత దూరంలో ఈ హోటల్ లేచింది. డబ్బు పెట్టినవాళ్ళలో ముఖ్యుడు బీరు తయారీదారు అడాల్ఫ్ జాంగ్. కట్టిన ఆర్కిటెక్ట్ ఫ్రాంక్ ఎడ్‌బ్రూక్, మరుసటి ఏడాది ఇదే ఊళ్ళో తెరిచిన బ్రౌన్ ప్యాలెస్ హోటల్ కూడా ఆయనదే. ఆ రోజుల్లోనే దీనికి సొంత కరెంటు, ఆవిరితో గదులు వెచ్చబరిచే ఏర్పాటు, లిఫ్టు ఉన్నాయి. లిఫ్టుని అప్పుడు 'నిలువు రైలు' అనేవారట. ఎక్కడానికి జనం సరదా పడి ఉంటారు.

సాయంత్రం కింద క్రూయిజ్ రూమ్‌లో కూర్చున్నాం. అది బారు. మేమిద్దరం తాగం, నిమ్మరసం సోడా చెప్పుకుని గంట సేపు గోడలే చూశాం. సన్నగా పొడుగ్గా ఉండే గది, వైన్ సీసా ఆకారంలో కట్టారని చెప్తారు. గదంతా ఎర్రటి నియాన్ వెలుగు, గ్లాసులో నీళ్ళు కూడా ఎర్రగా కనిపిస్తాయి. గోడల నిండా చెక్కిన పలకలు, ఒక్కో పలకలో ఒక్కో దేశం వాళ్ళు గ్లాసెత్తి ఎలా శుభం పలుకుతారో చూపించారు. జర్మనీ పలకలో హిట్లర్ బొమ్మ ఉండేదట, యుద్ధం వచ్చాక తీసేశారు. అమెరికాలో మద్యనిషేధం 1933 డిసెంబరు 5న పోయింది, ఈ బారు తెరిచింది ఆ మర్నాడే. తాగని నాకే ఆ గది వదిలి రావాలనిపించలేదు, చూడకుండా మాత్రం రాకండి.

కార్లు, విమానాలు వచ్చాక స్టేషన్ ఖాళీ అయింది, దాంతోపాటే ఈ పేట కూడా. మన ఊళ్ళలో స్టేషన్ ఎదురుగా ఉండే పాత లాడ్జీలని తలుచుకుంటే నాకు ఆ సంగతి వెంటనే అర్థమైంది. ఊరు నడిబొడ్డున పాత భవనాలు వీధులకి వీధులే కూల్చేశారు. దానికి అడ్డం నిలబడినవాళ్ళలో డానా క్రాఫర్డ్ అనే ఆవిడ ముఖ్యురాలు. 1965లో లారిమర్ వీధిలో ఒక వరసని కాపాడి మొదలుపెట్టి, 1980ల మొదట్లో ఆక్స్‌ఫర్డ్‌ని బాగుచేయించి మళ్ళీ తెరిపించారు. 2014లో స్టేషన్ లోపలే ఒక హోటల్ తెరిచి దానికి ఆవిడ పేరే పెట్టారు. ఆవిడ లేకపోతే నేను ఆ రాత్రి పడుకున్న గది ఉండేది కాదు. అలాంటి ఆవిడ మన సికింద్రాబాద్‌కో బెజవాడకో ఒకరు దొరికి ఉంటే ఎంత బాగుండేదో.

ఈ రెండు హోటళ్ళలో ఏది మేలంటే, స్టేషన్ లోపలి క్రాఫర్డ్‌లో మా మేనల్లుడు పుల్‌మన్ గదిలో ఉన్నాడు, పాత రైలు బోగీల నమూనాలో చేసిన గదులవి. తలుపు తీస్తే స్టేషనే, పిల్లలున్నవాళ్ళకి అదే సరదా. నా ఓటు ఆక్స్‌ఫర్డ్‌కే. మంచాలు, బీరువాలు పాతకాలంవి, ఏ రెండు గదులూ ఒకేలా ఉండవని చెప్పారు. రెండూ ఖరీదైనవే, ఒక్క రాత్రికైతే పరవాలేదు. దగ్గర్లోనే బేస్‌బాల్ స్టేడియం ఉంది, మ్యాచ్ ఉన్న రాత్రి వీధిలో గోల ఉంటుంది కాబట్టి తేదీ చూసుకుని బుక్ చేసుకోండి.

పొద్దున సూట్‌కేసు లాక్కుంటూ నడుచుకుంటూనే స్టేషన్‌కి వెళ్ళాం. ఒకప్పుడు ఆ స్టేషన్ ముందు పెద్ద కమాను ఉండేది, ఊళ్ళోకి వచ్చేవాళ్ళకి 'స్వాగతం' అని, వెళ్ళేవాళ్ళకి 'మిస్పా' అని కనపడేది. బైబిల్లోని మాట అది, మన దగ్గర ప్రార్థనా మందిరాలకి పెట్టుకునే మిస్పాయే, మనం ఒకరికొకరం దూరంగా ఉన్నప్పుడు దేవుడు చూసుకోవాలని దాని భావం. 1931లో వాహనాలకి అడ్డమని కూల్చేశారు. ఆ మాట చెప్తుంటే, సాగనంపడానికి వచ్చిన మా అబ్బాయి ఏమీ మాట్లాడకుండా పులిహోర డబ్బా నా చేతికిచ్చాడు. మోఫాట్ సొరంగం, 6 మైళ్ళ పైనే, దాటి చీకట్లోంచి బయటపడ్డాక తిన్నాం.