హనుమకొండలో ఒక డీఅడిక్షన్ సెంటర్: మా మేనల్లుడి 30 రోజులు

గంజాయి తాగుతూ పోలీసులకు దొరికిన మా మేనల్లుడిని హనుమకొండలోని ఒక ప్రైవేటు డీఅడిక్షన్ (వ్యసనం మాన్పించే) కేంద్రంలో 30 రోజులు ఉంచాము. వాడికి 19 ఏళ్లు. పేరు రాయడం నా ఉద్దేశం కాదు. పిల్లలను ఇలాంటి చోట చేర్పించబోయేవారు ముందుగా ఏమి అడగాలో తెలిస్తే చాలు.

వసతికి, భోజనానికి వంక పెట్టలేము. మొదటి వారం వాడికి నిద్ర లేదు, అన్నం సయించలేదు, పలకరిస్తే కసురుకునేవాడు. గంజాయి మానినవారికి ఇది మామూలేనని, రెండు మూడు వారాల్లో తగ్గుతుందని, దీనికంటూ ప్రత్యేకమైన మందు లేదని డాక్టరు ముందే చెప్పి, నిద్రకు మాత్రమే కొద్ది రోజులు మాత్ర ఇచ్చారు. మందుల చిట్టా పెంచకుండా ఉన్నమాట చెప్పడం నాకు నచ్చింది.

అంతకంటే నచ్చినది కౌన్సెలర్ పద్ధతి. ఎందుకు తాగావని ఆమె అడగలేదు. సాయంత్రం 6 నుంచి రాత్రి 10 దాకా ఎక్కడ, ఎవరితో గడిపేవాడో రోజువారీగా రాయించారు. ఆ కాగితాల నిండా కాజీపేట రైలు పట్టాల దగ్గర అదే చోటు, అదే నలుగురు. చేతిలో డబ్బు లేనప్పుడు వాళ్ల కోసం వీడే పొట్లాలు తెచ్చిపెట్టిన సంగతి కూడా అందులోనే బయటపడింది. తాగినందుకు 6 నెలల వరకు జైలుంటే, కిలోకు మించి దగ్గర ఉంచుకుని దొరికితే 10 ఏళ్ల వరకు పడవచ్చని, ఒకసారి దొరికినవాడు రెండోసారి మరింత పెద్ద కేసులో ఇరుక్కునేది ఈ తెచ్చిపెట్టే దారిలోనేనని ఆమె వాడికి విడమరచి చెప్పారు.

ఆఫీసు పని మాత్రం ఘోరం. మాదకద్రవ్యాల చట్టం 64ఎ సెక్షన్ ప్రకారం, తాగిన కేసులోగాని, కొద్ది పరిమాణంలో మత్తుమందు దొరికిన కేసులోగాని ఉన్న వ్యసనపరుడు ప్రభుత్వం నడిపే లేదా గుర్తించిన కేంద్రంలో స్వచ్ఛందంగా చేరి, చికిత్స పూర్తి చేస్తే విచారణ నుంచి మినహాయింపు దొరుకుతుంది. మధ్యలో వదిలేస్తే ఆ మినహాయింపు పోవచ్చు. ఈ మాట మాకు చెప్పినది లాయరు, అదీ 26వ రోజున. కేంద్రానికి ప్రభుత్వం ఇచ్చిన గుర్తింపు పత్రం నకలు కోసం, చికిత్స వివరాలున్న డిశ్చార్జి కాగితం కోసం మూడుసార్లు తిరిగాను. రెండూ చేరిన రోజే అడిగి తీసుకోవలసినవి.

డిశ్చార్జి తర్వాత ఆరు నెలలు వారానికొకసారి ఫోన్ చేస్తామన్నారు. పాత బ్యాచ్ ఇంటి ముందు బండి ఆపి హారన్ కొట్టేది ఆ రోజుల్లోనే కనుక, మేమే వాడిని సాయంత్రాలు మా తమ్ముడి టైర్ల షాపులో కూర్చోబెట్టాము. కేంద్రం నుంచి ఇప్పటికి వచ్చినవి రెండే ఫోన్లు. రెండోది మేము కట్టవలసిన 2,000 రూపాయల బాకీ గురించి.