సిస్టమ్‌డీ, ఓపెన్‌ఆర్‌సీ, రన్‌ఇట్: చాలాకాలం వాడాక

లినక్స్ లేవగానే సర్వీసులను, అంటే వెనక నడిచే ప్రోగ్రాములను, మొదలుపెట్టి చూసుకునేది ఇనిట్ సిస్టమ్; పై మూడూ అలాంటివే. బూట్ ఎన్ని సెకన్లలో అవుతుందో చూసి ఇనిట్ సిస్టమ్‌ను ఎంచుకోవడం దండగ. సర్వర్ రీబూట్ అయ్యేదే అరుదు. సర్వీస్ పడిపోయిందని దానికి ఎలా తెలుస్తుంది, తెలిశాక ఏం చేస్తుంది, అదీ చూడాల్సింది.

పాత సిస్‌వీ ఇనిట్ స్క్రిప్టులు పిడ్ ఫైల్‌ని, అంటే ప్రాసెస్ నంబర్ రాసిపెట్టిన ఫైల్‌ని, నమ్ముకుంటాయి. ప్రాసెస్ క్రాష్ అయినా ఫైల్ మిగిలిపోతుంది. ఆ నంబర్ మరో ప్రాసెస్‌కి వచ్చిందంటే, స్టాప్ కొట్టినప్పుడు సంబంధం లేనిది చస్తుంది. ఆల్పైన్, జెంటూ లినక్స్‌లలో వచ్చే ఓపెన్‌ఆర్‌సీలో డిపెండెన్సీలు (ఏ సర్వీస్‌కి ఏది కావాలో) రాయడం హాయిగా ఉంటుంది కానీ, మామూలుగా పడిపోయినదాన్ని 'క్రాష్డ్' అని చూపించి ఊరుకుంటుంది. స్క్రిప్టులో సూపర్‌వైజ్-డీమన్ (దాని కాపలా ప్రోగ్రాం) పెడితేనే మళ్లీ లేపుతుంది.

వాయిడ్ లినక్స్‌లోని రన్‌ఇట్‌కి ఈ బెడద లేదు. ప్రతి సర్వీస్‌కీ రన్‌ఎస్‌వీ అనే కాపలా ప్రోగ్రామే పేరెంట్ (దాన్ని మొదలుపెట్టిన ప్రాసెస్) కాబట్టి చావు కబురు నేరుగా అందుతుంది. రన్ అనే చిన్న షెల్ స్క్రిప్టు చాలు. చివరి లైన్‌లో ఎగ్జెక్ (షెల్ స్థానంలోకి అసలు ప్రోగ్రాంనే తెచ్చే కమాండ్) మరిచిపోతే మాత్రం తిప్పలే: ఆగమని చెప్పే టర్మ్ సిగ్నల్ షెల్‌కి తగిలి అది పోతుంది, అసలు ప్రోగ్రాం పోర్ట్ పట్టుకుని కూర్చుంటుంది, కొత్తది సెకనుకోసారి లేచి పడుతూ ఉంటుంది. ప్రోగ్రాం తనంతట తాను బ్యాక్‌గ్రౌండ్‌కి వెళ్లినా ఇదే గతి, ఫోర్‌గ్రౌండ్ ఆప్షన్ ఇవ్వాలి. రన్‌ఇట్‌లో డిపెండెన్సీలు అసలే లేవు. సర్వీస్‌కి కావాల్సిన డేటాబేస్ లేవకపోతే ఎగ్జిట్ 1 (విఫలమయ్యానని చెప్పి ఆగిపో) అని రన్ స్క్రిప్టులో మనమే రాసుకోవాలి.

సిస్టమ్‌డీ సీగ్రూప్‌తో (ప్రాసెస్‌లను గుంపుగా కట్టే కెర్నెల్ సదుపాయం) పిల్ల ప్రాసెస్‌లన్నిటినీ పట్టి ఉంచుతుంది, ఏదీ తప్పించుకోదు. ఈ ఒక్క విషయంలో దానికి సాటి లేదు. దాని డిఫాల్ట్‌లతోనే చిక్కు. రీస్టార్ట్=ఆల్వేస్ (పడినప్పుడల్లా లేపు) అని పెట్టి నిశ్చింతగా ఉంటే, రీస్టార్ట్‌సెక్ (మళ్లీ లేపేముందు ఆగే సమయం) 100 మిల్లీసెకన్లే కనుక, సర్వీస్‌కి కావాల్సిన డేటాబేస్ తేరుకునేలోపే ప్రయత్నాలన్నీ అయిపోతాయి. 10 సెకన్లలో 5 సార్లు దాటితే ఇక లేపదు, ఆ 10 సెకన్లు గడిచాక మనమే స్టార్ట్ చేయాలి, వెంటనే కావాలంటే ముందు రీసెట్-ఫెయిల్డ్ కొట్టాలి. రీస్టార్ట్‌సెక్=5 పెడితే ఆ హద్దు తగలనే తగలదు. షట్‌డౌన్‌లో 90 సెకన్లు వేలాడితే ఏదో సర్వీస్ టర్మ్‌ని లెక్కచేయడం లేదన్నమాట.

సిస్టమ్‌డీలో ఇంకొకటి: సర్వీస్ ఫైల్‌లో రాసే ఆఫ్టర్= వరస మాత్రమే చెబుతుంది, ఆ సర్వీస్‌ని లేపదు. నిర్దిష్ట ఐపీకి బైండ్ అయ్యే ప్రోగ్రాం బూట్‌లో పడిపోతుంటే నెట్‌వర్క్.టార్గెట్ సరిపోదు (ఐపీ వచ్చేదాకా అది ఆగదు), నెట్‌వర్క్-ఆన్‌లైన్.టార్గెట్‌ని ఆఫ్టర్=లోనూ వాంట్స్=లోనూ (దాన్నీ లేపమని చెప్పేది) రాయాలి.

చిన్న కంటైనర్‌కైతే రన్‌ఇట్, పదిమంది చేతులు పడే సర్వర్‌కి సిస్టమ్‌డీ.